గట్టు వంపులో మూడు సెంట్లు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు నాకు ఫోను చేసి, "మాస్టారూ, మీరు తప్పకుండా మాట్లాడాలి. కానీ లెక్కలు మాత్రం చెప్పకండి, భోజనాల వేళవుతుంది" అన్నారు. సరేనన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలే చెప్పి రిటైరైనవాడిని, వేరే ఏం చెప్పగలను? అందుకని మాట తప్పుతున్నాను. ఒక్క లెక్కే చెబుతాను. అది పదో తరగతి లెక్క. వృత్తం, త్రిభుజం కలిసిన బొమ్మకు వైశాల్యం కనుక్కోవడం. మీ చేతిలో ఉన్న ఆహ్వానపత్రం వెనక ఖాళీ ఉంది. పెన్ను ఉన్నవాళ్ళు గీసుకోండి, లేనివాళ్ళు మనసులో గీసుకోండి.

మా రోజుల్లో భావనపాడులో మాకు నల్లబల్లకంటే పెద్ద బల్ల ఒకటి ఉండేది. సముద్రం ఒడ్డున తడి ఇసుక. మా లెక్కల మాస్టారు వారానికి ఒక సాయంత్రం మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళేవారు. ఒకడు గుంజ పట్టుకోవాలి, ఇంకొకడు తాడు బిగించి పుల్లతో చుట్టూ గీత గియ్యాలి. అలల్లో తడిసిన ఇసుక మీద ఆ గీత ఎంత స్పష్టంగా పడేదో! ఎవడైనా తాడు వదులు చేస్తే వృత్తం కాస్తా దోసకాయ అయ్యేది, అందరం నవ్వేవాళ్ళం. వ్యాసార్థం అంటే ఏమిటో నాకు పుస్తకం చెప్పలేదు, ఆ తాడు బిగువు చెప్పింది. మాస్టారు ఎప్పుడూ ఒకటే మాట అనేవారు. "బొమ్మ గియ్యకుండా లెక్క మొదలెట్టొద్దు. బొమ్మలో లేని గీత ఒకటుంటుంది. అది గీస్తే లెక్క అయిపోయినట్టే."

ఆయన మాకు మొదట ఇచ్చిన లెక్క ఇది. మూడు భుజాలూ సమానంగా ఉన్న పొలం ఒకటుంది. ఒక్కో భుజం 20 మీటర్లు. మూడు మూలల్లో మూడు ఆవుల్ని కట్టారు. ఒక్కో తాడు 10 మీటర్లు. ఆవులు అందినంత మేర మేసేశాయి. మధ్యలో మేయకుండా మిగిలిన గడ్డి ఎంత?

మిగిలిన ఆ ముక్కను చూస్తే భయం వేస్తుంది. మూడు పక్కలా లోపలికి వంగిన ఒక వింత ఆకారం. దానికి సూత్రం ఏ పుస్తకంలోనూ కనబడదు. మాస్టారు అన్నారు: "మిగిలినదాన్ని చూడకండిరా, పోయినదాన్ని చూడండి." ఒక్కో ఆవు మేసింది వృత్తంలో ఒక ముక్క, సెక్టారు. సమబాహు త్రిభుజం కాబట్టి ఒక్కో మూలా 60 డిగ్రీలు. మూడు అరవైలు కలిపితే 180, అంటే మూడు ఆవులూ కలిసి మేసింది సరిగ్గా సగం వృత్తం. పొలం మొత్తం 173.2 చదరపు మీటర్లు. 10 మీటర్ల వ్యాసార్థం ఉన్న సగం వృత్తం 157.1. తీసేస్తే మిగిలింది 16.1 చదరపు మీటర్లు.

అంతటితో ఆపలేదు ఆయన. "పొలం సమబాహు త్రిభుజం కాకపోతే?" అని అడిగారు. మేము తలలు గోక్కున్నాం. ఏ త్రిభుజమైనా మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలే కదా! మూడు తాళ్ళూ సమానంగా ఉండి, ఒక ఆవు మేసినచోటికి ఇంకొకటి రాకుండా, పొలం దాటకుండా ఉంటే చాలు. పొలం ఎంత వంకరగా ఉన్నా మేసింది సగం వృత్తమే. ఆ సాయంత్రం నాకు ఒళ్ళు పులకరించిందని చెబితే ఈ రోజు పిల్లలు నవ్వుతారేమో. కానీ నిజం. నేను లెక్కల మాస్టారిని కావాలనుకున్నది ఆ సాయంత్రమే.

ఇది ఇవాళ్టి లెక్క కాదు. మూడు రూపాయి బిళ్ళలు ఒకదాన్నొకటి తాకేట్టు పెడితే మధ్యలో మిగిలే చిన్న సందు కూడా ఇదే ఆకారం. మూడు కేంద్రాలనూ కలిపి త్రిభుజం గియ్యండి, అందులోంచి సగం బిళ్ళ తీసెయ్యండి. ఈ పద్ధతిని తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు తన 'గణితసారసంగ్రహం'లో చెప్పాడు. ఆ గ్రంథాన్నే తరవాత పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే తెలుగువాడు తన భాషలో లెక్క చదువుకోవడం మొదలుపెట్టి దాదాపు వెయ్యేళ్ళయింది. ఇంగ్లీషు రాకపోతే లెక్కలు రావని బెంగపడే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన భాషలోనే ఇంకో అందం ఉంది. వృత్తంలో వంపు గీతను చాపం అంటాం, అంటే విల్లు. దాని రెండు కొసలనూ కలిపే తిన్నని గీతను జ్యా అంటాం, అంటే వింటినారి. నారి మధ్యనుంచి విల్లు నడుం దాకా ఉన్న దూరాన్ని మన పాతవాళ్ళు శరం అన్నారు, అంటే బాణం. విల్లు, నారి, బాణం. ఒక్క బొమ్మలో మూడూ ఉన్నాయి. విల్లుకూ నారికీ మధ్యనున్న ముక్క వృత్తఖండం. ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు నేను చెప్పబోయేది మా ఇంటి సంగతి. ఇందులో ఆ విల్లే ఉంది.

మా నాన్న, మా పెదనాన్న ఇద్దరే అన్నదమ్ములు. మా తాతనుంచి వచ్చింది చెరువు పక్కన ఒక చిన్న చెక్క. మూడు మూలల చెక్క. దారివైపు మొన, చెరువువైపు వెడల్పు. చెరువువైపు హద్దు రాయినుంచి హద్దు రాయికి 120 అడుగులు. ఆ గీతనుంచి మొన దాకా 145 అడుగులు. సగం చేసి గుణిస్తే 8,700 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చదరపు అడుగులు కాబట్టి ఇరవై సెంట్లకు పిసరంత తక్కువ. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పంపకాలు జరిగాయి. ఊళ్ళో కొలతలు తెలిసిన ఒకాయన్ని పిలిచారు. ఆయన గొలుసు లాగి, ఇరవై సెంట్లని తేల్చి, చెరువు గీతకు సమాంతరంగా అడ్డంగా ఒక గట్టు వేయించాడు. చెరువువైపు పది సెంట్లు పెదనాన్నకు, దారివైపు పది సెంట్లు నాన్నకు.

అయితే చెరువు గట్టు తిన్నగా లేదు. రెండు రాళ్ళ మధ్య విల్లులా చెరువులోకి వంగి ఉంది. గొలుసు ఆ రాయినుంచి ఈ రాయికి తిన్నగా లాగారు. గొలుసుకీ గట్టుకీ మధ్యనున్న వంపు ఏ వాటాలోకీ లెక్కకు రాలేదు. లెక్కకు రాలేదు గానీ, అది చెరువువైపు ఉంది కనక పెదనాన్న అనుభవంలోకి పోయింది. ఆ వంపులో మా నాన్న చిన్నప్పుడు పాతిన కొబ్బరిచెట్లు అయిదు ఉన్నాయి.

కొలిచినాయన దొంగ కాదు. ఆయన్ని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. వంపు హద్దు ఉన్నచోట తిన్నని గీతనుంచి అక్కడక్కడా అడ్డకొలతలు తీసి కలపాలని సర్వే పనిలో పద్ధతి ఉంది. ఇంట్లో పంపకం కదా అని అంత దూరం ఎవరూ ఆలోచించలేదు. త్రిభుజం వరకు లెక్క సరిగ్గానే చేశాడు. గొలుసు వంగదు, అంతే.

దింపు తీసినరోజు గొడవయింది. మాటామాటా పెరిగింది. మా నాన్న, పెదనాన్న మాట్లాడుకోవడం మానేశారు. మా రెండిళ్ళకూ మధ్య నలభై అడుగుల దూరం. అమ్మ, పెద్దమ్మ బావి దగ్గర మాట్లాడుకునేవారు, నాన్న వస్తున్నాడంటే ఆపేసేవారు. మేము పిల్లలం దొంగతనంగా ఆడుకునేవాళ్ళం. నాన్న లెక్కలో ఆ వంపు ఏడాదికేడాదికి పెరిగింది. మొదట "అయిదు సెంట్లు తినేశాడు" అన్నాడు. తరవాత ఎనిమిది అన్నాడు. నేను కాలేజీకి వెళ్ళేసరికి పది అయింది. ఎవరూ కొలవలేదు కదా, ఎంతైనా అనుకోవచ్చు.

ఇక్కడ నేను సిగ్గుపడాల్సిన మాట చెబుతాను. పంపకాల మరుసటి ఏడాదే, పదో తరగతిలో, మాస్టారు మాకు వృత్తఖండం వైశాల్యం చెప్పారు. కేంద్రంనుంచి జ్యా రెండు కొసలకూ రెండు గీతలు గియ్యాలి. బొమ్మలో లేని గీతలు అవే. అప్పుడు సెక్టారు కనబడుతుంది, అందులో త్రిభుజం కనబడుతుంది. సెక్టారులోంచి త్రిభుజం తీసేస్తే ఖండం. పరీక్షలో ఆ లెక్క వచ్చింది. నేను పూర్తిగా చేశాను, మార్కులన్నీ వచ్చాయి. మాస్టారు క్లాసులో నా పేపరు ఎత్తి చూపించారు. ఆ సాయంత్రం ఇంటికి ఆ చెరువు గట్టు మీదనుంచే నడిచి వెళ్ళాను. నా కాళ్ళ కింద ఉన్నది నేను అప్పుడే చేసొచ్చిన లెక్కేనని నాకు తట్టలేదు. మరో పదేళ్ళ వరకూ తట్టలేదు.

తట్టించింది నేను కాదు, నా విద్యార్థి. అప్పటికి నేను జిల్లాలో వేరే ఊరి బడిలో కొత్తగా చేరాను. వ్యాసార్థం ఇంత, కోణం ఇంత, వృత్తఖండం వైశాల్యం ఎంత అని బోర్డు మీద లెక్క చేసి చూపించాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచాడు. చదువులో అంతంతమాత్రం. "మాస్టారూ, మరి చెరువు గట్టుకి కేంద్రం ఎక్కడుంటాదండి?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే వాడు అడిగింది అసలు ప్రశ్న. పుస్తకంలో లెక్కకు వ్యాసార్థం ఇస్తారు, కోణం ఇస్తారు. నేలమీద ఎవరిస్తారు? గట్టు దగ్గర మనకు దొరికేవి రెండే. రాయినుంచి రాయికి నారి, మధ్యలో బాణం. కేంద్రం ఎక్కడో కనబడని చోట ఉంటుంది. ఆ రాత్రి లాంతరు దగ్గర కూర్చుని గీశాను. కేంద్రంనుంచి నారి మధ్యకు ఒక గీత, నారి కొసకు ఒక గీత. లంబకోణ త్రిభుజం వచ్చింది. అందులో కర్ణం వ్యాసార్థం. ఒక భుజం సగం నారి. ఇంకో భుజం వ్యాసార్థంలోంచి బాణం తీసేసినంత. పైథాగరస్ సూత్రం పెడితే జవాబు చిన్నది: సగం నారి వర్గం, బాణం వర్గం కలిపి, బాణానికి రెండింతలతో భాగిస్తే వ్యాసార్థం. మర్నాడు ఆ కుర్రాడిని నిలబెట్టి క్లాసు చేత చప్పట్లు కొట్టించాను. కానీ నా మనసు అక్కడ లేదు. మా ఊరి చెరువు గట్టు మీద ఉంది.

సంక్రాంతికి ఇంటికొచ్చాను. అప్పటికి పెదనాన్న చనిపోయి రెండేళ్ళయింది. నాన్న కట్టె దగ్గరికి వెళ్ళాడు గానీ, దూరంగా నిలబడి వచ్చేశాడు. భోగి మర్నాడు మా తమ్ముడిని, పెదనాన్న మనవలిద్దరిని వెంటబెట్టుకుని, వలకు వాడే తాడు ఒకటి పట్టుకుని చెరువు దగ్గరికి వెళ్ళాను. పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, దూరంనుంచి చూసి వచ్చాడు. "ఏటి కొలస్తన్నావురా?" అన్నాడు. గొంతులో అనుమానం ఉంది. "గట్టుకి కేంద్రం వెతుకుతున్నానన్నయ్యా" అన్నాను. కాసేపు నిలబడి చూశాడు. తమ్ముడు పొట్టివాడు కావడంతో తాడు వదులైపోతోంది. అన్నయ్య ఒక్క మాట కూడా మాట్లాడకుండా వాడి చేతిలోంచి తాడు కొస తీసుకుని బిగించి పట్టుకున్నాడు.

నారి 120 అడుగులు. మధ్యలో బాణం 16 అడుగులు. 60 వర్గం 3,600. 16 వర్గం 256. కలిపితే 3,856. దాన్ని 32తో భాగిస్తే 120న్నర. కొలతలో అర అడుగు తేడా మామూలే కనక వ్యాసార్థం 120 అనుకోవచ్చు. నారీ 120, వ్యాసార్థమూ 120. మూడు భుజాలూ సమానం, కోణం 60 డిగ్రీలు. నా అదృష్టం, లెక్క నోటితో అయిపోయేలా వచ్చింది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, పిల్లలు జాగ్రత్తగా వినాలి. సెక్టారులోంచి తీసెయ్యాల్సిన త్రిభుజం మా పొలం త్రిభుజం కాదు. పొలం మొన నారినుంచి 145 అడుగుల దూరంలో ఉంది. గట్టు కేంద్రం 104 అడుగుల దూరంలో ఉంది. నారి ఒకటే, త్రిభుజాలు రెండు. నా విద్యార్థుల్లో సగంమంది తప్పు చేసేది ఇక్కడే. బొమ్మలో కనబడిన త్రిభుజాన్ని తీసేస్తారు, కనబడనిదాన్ని గియ్యరు.

నారి మధ్యనుంచి లోపలికి 104 అడుగులు కొలిచి గుంజ పాతాం. పంపకం గట్టు చెరువు గీతకు నలభై చిల్లర అడుగుల దూరంలో ఉంది. అంటే ఆ గుంజ గట్టు దాటి మా నాన్న వాటాలో పడింది. పెదనాన్న వాటాలో ఉన్న వంపుకు కేంద్రం మా నాన్న నేలలో ఉంది. గుంజకు తాడు కట్టి 120 అడుగుల దగ్గర ముడి వేశాం. పిల్లలు ముడి పట్టుకుని ఈ రాయినుంచి ఆ రాయి దాకా గట్టు వెంట నడిచారు. ముడి అర అడుగు అటూ ఇటూగా గట్టు అంచు మీదే నడిచింది. మా చిన్నప్పుడు ఇసుకలో గీసిన గీతలాగే. ఆ చెరువు తవ్వినవాళ్ళు ఏ కాలంవాళ్ళో, తాడు పట్టుకుని గీసే ఉంటారని నాకు అప్పుడనిపించింది.

సెక్టారు, వృత్తంలో ఆరో వంతు: 7,540 చదరపు అడుగులు. సమబాహు త్రిభుజం: 6,235. తేడా 1,305. సెంట్లలో చెబితే 3.

మూడు సెంట్లు. ఇద్దరికీ సమానంగా పంచితే నాన్నకు రావాల్సింది ఒకటిన్నర.

సాయంత్రం అన్నయ్యను కూడా మా అరుగు మీదికి రమ్మని, నాన్న ముందు పలక మీద బొమ్మ గీసి చూపించాను. నాన్న చదువుకోలేదు, కానీ తాడూ ముడీ తెలిసినవాడు. ప్రతి గీతా ఎందుకో అడిగి తెలుసుకున్నాడు. చివర్లో అడిగాడు. "ఒకటిన్నరేనేటి?" అవునన్నాను. "సరిగ్గా చూడు" అన్నాడు. పలక తుడిచి మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే వచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నాడు, "పదకొండేళ్ళు మా అన్న గుమ్మం తొక్కలేదురా."

అన్నయ్య ఆ ఒకటిన్నర సెంటుకు కాగితం రాసిస్తానన్నాడు. నాన్న వద్దన్నాడు. ఆ ఏడాదినుంచి ఆ అయిదు చెట్ల దింపులో సగం మా ఇంటికి వచ్చేది. నాన్న వెళ్ళి వాళ్ళింట్లో భోజనం చేశాడు. అయితే ఆయన కలిసింది అన్న కొడుకుతో, అన్నతో కాదు. నేను పదో తరగతిలో ఆ లెక్క చేసొచ్చిన సాయంత్రమే పలక పట్టుకుని ఉంటే అన్నతోనే కలిసేవాడు. ఆ రోజు నాకు అన్ని మార్కులూ వచ్చాయి. ఈ మాట నేను ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు. మన బడిలోనే చెప్పాలని దాచుకున్నాను.

లెక్క చేశాక నాన్న పక్షాన న్యాయం ఉందని తేలింది, అన్యాయం ఆయన అనుకున్నంత లేదనీ తేలింది. రెండూ ఒకే గీతతో తేలాయి. కొలవనిది ఏటా పెరుగుతుంది. కొలిచింది అక్కడే నిలబడుతుంది.

ఇప్పుడు ఈ లెక్కలెందుకు, యంత్రాలున్నాయి కదా అని మీలో కొందరు అనుకోవచ్చు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు పట్టుకుని పొలాల్లో తిరిగారు. మన పక్కన మూలపేటలో ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఈ చుట్టుపక్కల ఇళ్ళలో సెంట్ల మాట మునుపటికంటే ఎక్కువ వినబడుతోంది. అందుకే యంత్రం ఎలా లెక్కిస్తుందో మనకు తెలియాలి. అది హద్దు మీద పెట్టిన చుక్కల్ని తిన్నని గీతలతో కలుపుతుంది. గొలుసులాగే అదీ వంగదు. చుక్కలు ఎన్ని పెట్టామన్నదే ముఖ్యం.

మా గట్టునే తీసుకోండి. రెండు రాళ్ళ దగ్గర రెండే చుక్కలు పెడితే 1,305 చదరపు అడుగులు బయట పడిపోతాయి. మధ్యలో ఒక్క చుక్క చేరిస్తే పోయేది 340. మూడు చుక్కలు చేరిస్తే 86. ఏడు చేరిస్తే 22. చూశారా, ముక్కల్ని రెట్టింపు చేసినప్పుడల్లా పోయేది దాదాపు నాలుగో వంతుకు తగ్గుతోంది. రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందట ఆర్కిమిడీస్ ఇదే దారిలో నడిచాడు. వృత్తం లోపలా బయటా 96 భుజాల బొమ్మలు ఊహించి, 'పై' విలువ మూడూ ఒకటిబై ఏడుకు తక్కువ, మూడూ పదిబై డెబ్బై ఒకటికి ఎక్కువ అని తేల్చాడు. మన ఆర్యభటుడు 499లో రాసిన గ్రంథంలో 62,832ను 20,000తో భాగించమన్నాడు, అంటే 3.1416. కాబట్టి మీ పొలానికో ఇంటి స్థలానికో కొలతకు వచ్చినప్పుడు దగ్గర నిలబడండి. తగవు పెట్టుకోవద్దు. "బాబూ, ఈ వంపు మధ్యలో ఇంకో చుక్క పెట్టండి" అని మర్యాదగా అడగండి. చాలు.

చుక్కలూ యంత్రమూ లేనప్పుడు నోటి లెక్క ఒకటి చెబుతాను, రాసుకోండి. వంపు మరీ లోతుగా లేకపోతే నారిని బాణంతో గుణించి, అందులో మూడింట రెండు వంతులు తీసుకోండి. మా గట్టుకు 120ని 16తో గుణిస్తే 1,920, మూడింట రెండు వంతులు 1,280. అసలు జవాబు 1,305. ఇరవై అయిదు అడుగులే తేడా. పాత పుస్తకాల్లో ఇంకో సూత్రం ఉంది. నారికి బాణం కలిపి, సగం బాణంతో గుణించడం. చైనావాళ్ళ పాత గణిత గ్రంథంలోనూ ఉంది, మన మహావీరాచార్యుడూ స్థూలమైన లెక్కగా చెప్పాడు. సగం వృత్తానికి అది 'పై' మూడు అనుకున్నట్టు వస్తుంది, ఫరవాలేదు. కానీ మా గట్టులాంటి పలచని వంపుకు 1,088 మాత్రమే ఇస్తుంది. అరసెంటు పోతుంది. పెద్దవాళ్ళు చెప్పారని ఊరికే నమ్మకండి, గుంజ పాతి చూసుకోండి.

ఇక నా కోరికలు రెండు.

మొదటిది సంఘానికి. స్వర్ణోత్సవం గుర్తుగా ఏదో ఒకటి కట్టాలని అనుకుంటున్నారు. దానితోపాటు బడి ఆవరణలో ఒక మూల చిన్న సిమెంటు గట్టు వేయించండి. మా చెరువు గట్టులో పదో వంతు కొలతతో, రాయినుంచి రాయికి 12 అడుగులు, బాణం అడుగున్నర చిల్లర. కేంద్రం దగ్గర ఒక ఇనుప రింగు. పక్కన గూట్లో ఒక తాడు. దానికి పెద్ద ఖర్చేమీ కాదు, ఉన్నంతలో నేనే ఇచ్చుకుంటాను. దాని మీద ఎవరి పేరూ వద్దు. సూత్రం కూడా రాయొద్దు. పిల్లలే కనుక్కోవాలి.

రెండోది ఉపాధ్యాయ మిత్రులకు. సిలబస్ ఎంత ఉందో, పరీక్షలు ఎన్నున్నాయో నాకు తెలుసు. అయినా ఏడాదికి ఒక్క పీరియడు పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి. వ్యాసార్థం ఇవ్వకండి, తాడు ఇవ్వండి. పిల్లలకు మార్కులు వచ్చిన రోజున, "ఈ లెక్క మీ ఇంటి దగ్గర ఎక్కడుంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. నన్ను ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. మా మాస్టారి తప్పు కాదు అది. ఆయన తాడూ ఇసుకా అన్నీ ఇచ్చారు. ఇంటి దాకా తీసుకెళ్ళాల్సింది నేను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆ అయిదు చెట్లలో మూడు పడిపోయాయి. నాన్న అప్పటికే లేడు. అన్నయ్య పడిన చోటే కొత్త మొక్కలు పెట్టాడు. నాకు ఫోను చేసి, "సగం నీవేరా" అన్నాడు. గట్టు మాత్రం అలాగే ఉంది, విల్లులా వంగి. ఈ సభ అయ్యాక ఎవరైనా రావాలంటే చూపిస్తాను. తాడు నా సంచీలో ఉంది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. భోజనాలు చల్లారిపోతే ఆ పాపం నాకే చుట్టుకుంటుంది.